పాలు మాన్పించిన రోజు

మామండూరు, 1946 ఫిబ్రవరి, మంగళవారం రాత్రి

నిద్ర రావడం లేదు. రొమ్ములు రాళ్ళలా బిగుసుకుపోయాయి.

సాయంత్రం మా ఫారెస్టు క్వార్టర్సు ఎదుట గుట్ట మీద చిరుతపులి పిల్లతో సహా మళ్ళీ కనిపించింది. పిల్ల దాదాపు తల్లంత అయింది. అయినా వెళ్ళి తల్లి పొట్టలో మూతి దూర్చబోయింది. తల్లి గుర్రుమని పంజాతో ఒక్కటిచ్చింది. పిల్ల కాసేపు దూరంగా కూర్చుని, ఒంటరిగా అడవిలోకి దిగిపోయింది. ఏం తల్లి ఇది, అనుకున్నాను.

లోపలికి వస్తే అత్త వేపాకు నూరుతోంది.

"బిడ్డకు మూడేండ్లు నిండినాయి. ఇంగ పాలు మాన్పించల్ల. ఇది పూసుకోమ్మా," అంది.

పూసుకున్నాను. పాప నోరు పెట్టి, ఉమ్మేసి, నా మొహంలోకి చూసింది.

"సేదుమ్మా," అంది.

రాత్రి ఏడిస్తే ఆ పాడు వేపాకు కడిగేసుకుని ఇద్దామని, అత్తకు తెలియకుండా చెంబుతో నీళ్ళు పక్కన పెట్టుకున్నాను.

ఏడవనే లేదు మహాతల్లి. వాళ్ళవ్వ చేత్తో పెట్టిన పెరుగుబువ్వ తిని, అవ్వ పక్కనే పడుకుంది.

ఇందాక మసక చీకట్లో కిటికీ వేయబోతూ చూశాను. తల్లి చిరుత ఇంకా గుట్ట మీదే ఉంది, పిల్ల పోయిన వైపే చూస్తూ. చీకట్లో అది కనబడకుండా పోయేదాకా నేనూ అక్కడే నిలబడ్డాను.

చెంబులో నీళ్ళు అలాగే ఉన్నాయి.