హరితకి వచ్చిన లైసెన్సు

హెండర్సన్,
ఆదివారం.

అక్కకి,

నీ సుజాత నమస్కారాలు. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. వారం నుంచి ఇక్కడ ఒకటే వాన. ఉతికిన బట్టలు హీటరు ముందు ఆరేసుకుంటున్నాను. మొన్న పాపటోయిటోయిలో ఉన్న మన ఇండియా సరుకుల కొట్టు దాకా వెళ్ళి గోంగూర తెచ్చి పచ్చడి చేశాను. ఒక్కదాన్నే కూర్చుని తింటే ఏం రుచి చెప్పు! అయినా బాగానే ఉన్నాను, కంగారు పడకు.

అసలు సంగతి చెప్పేస్తాను. హరితకి చార్టర్డ్ ఇంజనీరు లైసెన్సు వచ్చింది. నాకు రాలేదు. అది లేకపోతే నేను వేసిన డ్రాయింగు మీద ఎప్పుడూ ఇంకొకరే సంతకం పెట్టాలి.

హరిత వరంగల్ పిల్ల, ఆఫీసులో నా పక్క సీటు. నాకన్నా ఆరేళ్ళు చిన్నది. చేరిన కొత్తలో ఇక్కడి కట్టడాల నియమాలుండే కోడ్ పుస్తకాలు చూడడం నేర్పింది నేనే. శుక్రవారం దానికోసం కేకు కోశారు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఒళ్ళు మాత్రం భగభగా మండింది.

నా తప్పేమిటో విను. విజయవాడలో చేసిన పదకొండేళ్ళ అనుభవానికి సర్టిఫికెట్లన్నీ జతచేసి పంపాను. ప్రతి పని కిందా 'సార్ సూచనల మేరకు చేశాను' అని రాశాను. మన దగ్గర అలాగే రాస్తాం కదా, సొంత గొప్ప చెప్పుకుంటే ఊరుకుంటారా! ఇంటర్వ్యూలో పెద్దాయన కాగితాలన్నీ తిరగేసి, "సంవత్సరాలు సరే, ఇందులో మీరు తీసుకున్న నిర్ణయం ఏది? మీ వల్ల జరిగిన పొరపాటు ఏది?" అని అడిగాడు. పొరపాట్లే లేవన్నాను. ఆయన నవ్వి, మళ్ళీ రాసుకుని రమ్మన్నాడు.

నిన్న హరిత మా ఫ్లాట్‌కి వచ్చింది. లైసెన్సు కోసం తను రాసిన అనుభవాల రికార్డు తెచ్చి, "అక్కా, ఇది చూసి రాస్కో, గట్లనైతే నీకూ అస్తది" అంది. అది నాకు దారి చూపడమేమిటని లోపల కుతకుతలాడిపోయాను. టీ ఇచ్చి పంపించి, ఆ తర్వాత చదివాను.

అందులో మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక ఇంటి వెనక మట్టి జారకుండా కట్టే గోడ గురించి ఉంది. గోడ వెనక నీళ్ళు పోయే పైపు డ్రాయింగులో వేయడం తను మరిచిపోయానని రాసుకుంది. 'సుజాత వెంటనే కనిపెట్టి చెప్పింది, లేకపోతే గోడ కూలేది' అని కూడా రాసింది. నేనూ ఇది రాసుకుంటే సాక్షిగా సంతకం పెడతానని పక్కన పెన్సిల్‌తో ఒక ముక్క.

మొదట ఏమనిపించిందో తెలుసా? నా పని చూపించి అది గెలిచిందే అని! ఎంత కుళ్ళుబోతు బుద్ధో చూడు. ఆ సంగతి చెప్పుకోవద్దని నా నోరెవరు నొక్కారు?

ఒక చిన్న పని చేసిపెట్టు. నా పాత సైటు డైరీలు మీ అటక మీద రేకు పెట్టెలో ఉంటాయి. పారేయకుండా పేజీలకి ఫోటోలు తీసి పంపు. సార్ చెప్పకుండా నేను సొంతంగా చేసినవి అందులో తప్పకుండా ఉంటాయి. అత్తయ్యగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

పొద్దున్నే కొత్త రికార్డు మొదలుపెట్టాను, ముందు ఆ గోడతోనే. 'వెంటనే' అన్న దగ్గర పెన్ను కదలలేదు. పైపు లేదని అప్పుడు నేను సోమవారమే చూశానక్కా. గురువారం దాకా చెప్పలేదు. ఆ శుక్రవారం మీటింగులో మేనేజరు అందరి ముందూ హరితని కడిగేస్తుంటే చూద్దామనుకున్నాను. గురువారం అది తన టిఫిన్ బాక్సులో పెరుగన్నం సగం నాకు పెట్టింది. ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

సోమవారం చూశాను, గురువారం చెప్పాను అని ఉన్నదున్నట్టు రాశాను. ఆలస్యానికి కారణం రాయమని ఒక గడి ఉంది. పని ఒత్తిడి అని రాసి కొట్టేశాను. ఇప్పుడది ఖాళీగా ఉంది. హరిత సంతకం పెట్టేముందు ఆ గడి చదువుతుంది. నాకు ధైర్యం రావాలని దీవించు.

నీ కుళ్ళుబోతు చెల్లెలు,
సుజాత