వరికోతలకు వచ్చిన జపాను దయ్యం

శుక్రవారం, రాత్రి

సమస్త దేశాల దయ్యాలారా, నన్ను మన్నించండి. ఈ పేజీలో ఉన్నది పరిశోధన కాదు, మీకు జరిగిన పరువునష్టం.

మన దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి, జపాను దయ్యాలకు అసలు పాదాలే ఉండవు. సోమవారం నా ఎం.ఏ. సెమినారు ఈ తేడా మీదే. పోయిన నెల రామచంద్రపురంలో పిన్నికి పాదాల్లేని జపాను దయ్యం కథ ఒకటి సరదాగా చెప్పాను. ఇవాళ మన దయ్యాల కథలు రికార్డు చేద్దామని టేప్‌రికార్డరు పట్టుకుని సామర్లకోటలో పిన్ని ఆడపడుచు మంగత్తయ్య దగ్గరికి వెళ్ళాను.

“పాదాల్లేవురా. మా మరిది కళ్ళారా చూశాడు.”

“ఏ ఊరి దయ్యం అత్తయ్యా?”

“ఏ ఊరిదేంటి, మన కాలవ గట్టుదే. వరికోతలకొచ్చినట్టు తలగుడ్డ కూడా కట్టిందంట.”

తలగుడ్డ నా కథలో లేదు. నెల తిరక్కుండా జపాను దయ్యానికి మన ఊళ్ళో పని దొరికింది. నా సెమినారు గోదాట్లో కలిసినా, ఫస్టుక్లాసు వచ్చిన రోజు కూడా ఇంత సంతోషపడలేదు. కథలు ప్రయాణం చేస్తాయని చదివాను గానీ, టిక్కెట్టు కొట్టింది నేనే. మాస్టారికి ఏం చెప్పాలో మరి...

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. అది నా కథేనని తెలిసి కూడా, చీకటి పడ్డాక “స్టేషను దాకా తోడు రండి అత్తయ్యా” అని బతిమాలాను. దారి పొడుగునా ఆవిడ పాదాలే చూస్తూ నడిచాను.