ఏ బండికి ఎక్కేడమ్మీ

ఒడిశా రాష్ట్రం రాయగడ కాపురస్తులు పొట్నూరు మన్మథరావు గారి పెద్ద కుమార్తెను, కొరాపుట్‌లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును, జయంతి అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టపూర్తిగా రాసుకున్న వీలునామా.

ఇలాంటి కాగితంలో మొదటి వాక్యంలోనే "స్థిరచిత్తంతో" అని ఉండాలట. ఆ మాట నేను రాయలేను. తెలివి సరిగానే ఉంది. మందుల పేర్లు, మోతాదులు ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను. చిత్తమే స్థిరంగా లేదు. కరోనా వార్డులో డ్యూటీ ముగిసి, సెలవు మీద ఇంటికి వచ్చినా ఫోను మోగితే ఎత్తకుండా పెరట్లోకి వెళ్ళిపోతాను. కంచం ముందు కూర్చుంటే ఆక్సిజన్ బుడగల చప్పుడు వినిపిస్తుంది. చనిపోవాలని మాత్రం ఇది రాయడం లేదు. ఎవరూ కంగారు పడవద్దు.

1. నా పుస్తకాలన్నీ చెల్లెలు బిందుశ్రీకి చెందాలి. కాన్వెంటులో సిస్టర్లు బహుమతిగా ఇచ్చినవీ, పాత పేపరు ముక్కలు అతికించిన అట్టపెట్టె కూడా. తెలుగు మాకు బడిలో చెప్పలేదు. శ్రీకాకుళం నుంచి మా కిరాణా కొట్టుకి సరుకు చుట్టుకొచ్చిన పేపర్ల మీద అమ్మ నేర్పింది. ఆ ముక్కల్లో చాలా కథలకు చివర్లు లేవు. నేనే పెన్సిలుతో రాశాను. నచ్చకపోతే చెరిపి రాసుకోవే. నర్సింగులో చేరాలో వద్దో కూడా నీ ఇష్టమే. నన్ను చూపించి నిన్ను ఎవరూ పంపకూడదు, ఎవరూ ఆపకూడదు.

2. నా ఫొటోతో "కరోనా యోధురాలు" అని కొట్టు ముందు కట్టిన ఫ్లెక్సీని విప్పేయాలి. వానకు బెల్లం బస్తాల మీద కప్పడానికి పనికొస్తుంది. బొమ్మ లోపలి వైపుకు ఉండాలి.

3. నా నీలం స్వెట్టరు, నల్ల మార్కరు పెన్ను పద్మపూర్ అమ్మాయి సస్మితకు. నర్సుల హాస్టల్లో మాది ఒకే గది. కరోనా వార్డులో తల నుంచి కాలి దాకా తెల్ల గౌన్లు తొడుక్కుంటే ఎవరు ఎవరో తెలియదు కనుక ఒకరి గౌను మీద ఒకరం పేరు రాసుకునేవాళ్ళం. తెలుగు రోగులు చదువుకోవాలని నా పేరు తెలుగులో రాయడం నేర్చుకుంది. స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేది. నేనూ అంతే. రెండోవాళ్ళకు తెలియదనే ఇద్దరం అనుకునేవాళ్ళం. ఈ వీలునామాను అమలు జరపవలసినది కూడా సస్మితే.

4. నా బీరువా పై అరలో గుడ్డలో చుట్టి ఉన్న కళ్ళజోడు నాది కాదు. మా వార్డులో చేరిన కకిరిగుమ్మ రైతు ఆదిశేషు గారిది; ఆయన దిండు కింద ఉండిపోయింది. అది ఆయన భార్య ఎర్రమ్మ గారికి చేరాలి.

ఆయన ఆ కళ్ళజోడు పెట్టుకుని నా గౌను మీద పేరు కూడబలుక్కుని, "ఎవులి జయంతమ్మీ ఇయ్యాల? మాకు సెలవిచ్చి ఇంటికి అంపేత్తారా?" అనేవారు. ఊపిరి అందని రోజు కూడా అన్నారు. నేను నవ్వితే నా ముఖం ముందున్న అద్దం మసకేసేది. "నవ్వకమ్మీ, సూది తప్పిపోద్ది" అనేవారు.

వార్డులో తెలుగు వచ్చినదాన్ని నేనే. తెలుగు ఇళ్ళకు ఫోన్లన్నీ నావే. "చనిపోయారు" అనే మాట నా నోట పలికేది కాదు. "వెళ్ళిపోయారు" అనేదాన్ని. అందరికీ అర్థమయ్యేది. ఎర్రమ్మ గారికీ అలాగే చెప్పాను.

"ఎల్లిపోయేడా! ఏ బండికి ఎక్కేడమ్మీ? కూకోడానికి సోటు దొరికిందా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా ఆవిడ ఇంట్లోవాళ్ళను కేకేశారు. "మీ అయ్య వత్తన్నాడు, టేసనుకి నడండ్రా. దుప్పటి అట్టుకోండి." లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అందరూ స్టేషనుకి వెళ్ళిపోయారు. ఆసుపత్రి వాళ్ళు వేరే మనిషి చేత కబురు చెప్పించేదాకా, వచ్చిన ప్రతి బండిలో బోగీ బోగీ వెతికారట.

ఆ తర్వాత నేను ఎవరింటికీ ఫోను చేయలేకపోయాను.

5. మా నాన్నగారు రోజూ కొట్టు కట్టేసి వస్తూ నాకోసం తెచ్చిన జీళ్ళు డబ్బాలో అలాగే ఉన్నాయి. అవి కూడా బిందుశ్రీకే. నాకు తినబుద్ధి కాలేదు నాన్నా, మీ మీద అలక కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్దామని నేను అన్నప్పుడు మీరు, "బుర్రకి మందేటమ్మీ? ఎవులికీ సెప్పకు. కొట్టుకొచ్చేవోలు ఏటనుకుంతారు?" అన్నారు. ఆ పూట నుంచి నేను మీతో సరిగా మాట్లాడలేదు. మీకు భయమని తెలుసు. నాకూ భయమే. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. నోటిమాట మీరు వినరు. దస్తావేజయితే చివరి గీత దాకా చదువుతారు. అందుకే వీలునామా రాశాను.

సోమవారం కొట్టు మూసి నాతో రండి. ముందు కొరాపుట్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి. అక్కడ తెలిసినవాళ్ళు కనిపిస్తే, మా అమ్మాయికి బాగోలేదని చెప్పండి, చాలు. తిరుగు బండిలో కకిరిగుమ్మలో దిగుదాం. కళ్ళజోడు ఎర్రమ్మ గారి చేతిలో నేనే పెడతాను. "ఆదిశేషు గారు చనిపోయారు" అని అప్పుడు చెప్పవలసిన మాట నేనే చెబుతాను. ఆవిడకు తెలిసినదే. అయినా నా నోటితో చెప్పాలి. మధ్యలో నేను ఆగిపోతే మీరు పూర్తి చేయండి.

6. ఇది నేను బతికుండగానే, ఈ రోజు నుంచే అమలులోకి వస్తుంది. "నా తదనంతరం" అని ఏ ఆస్తి గురించీ రాయలేదు. కావాలంటే మళ్ళీ మొదటి నుంచి చదవండి.

రాయగడ, 2021 సెప్టెంబరు 4, శనివారం.

(సంతకం) పొట్నూరు జయంతి

సాక్షులు:
సుభశ్రీ, కాన్వెంటులో నాతో చదివిన స్నేహితురాలు.
రఘు, దస్తావేజు లేఖరి. ఇది కోర్టులో చెల్లదని చెప్పి మరీ సంతకం చేశాడు.

చదివి, సోమవారం వస్తానని ఒప్పుకున్నవారు:
............................ (పొట్నూరు మన్మథరావు)