బరువు లేని బంతులు

మావా, నువ్వు పోయి నేటికి ఏడాది. ఎవరూ చూడరని తెలిసినా నీ నంబరుకే ఈ మెసేజ్ పెడుతున్నాను.

క్రేన్ నడపడం నేర్చుకునే సీటు కోసం గరివిడిలో పరీక్షకి వెళ్లాను. చేతుల వేగం చూడ్డానికి కళ్లకి వీఆర్ అద్దాలు తగిలించి, అందులో బొమ్మల్లా ఎగిరొచ్చే బంతులు పట్టమన్నారు. ఒక్కటీ వదల్లేదు గానీ, పట్టిన ప్రతిసారీ చేతులు పొట్టదాకా లాక్కున్నాను.

ట్రాక్టరు మీంచి, కింద పట్టుకునే నాకు ఇటుకలు విసురుతూ నువ్వు అరిచేవాడివి కదా, "ఒరే, ఇటికతోపాటే సెయ్యి ఎనక్కి రావాల. నేకపోతే తోలూడిపోద్ది!" అని.

నేను చేతులు లాక్కోవడం చూసి నేర్పే సారు నవ్వాడు. "ఏట్రా, ఈ బంతికి బరువున్నాదేటి? అలా లాగితే లేటైపోతాది, సీటు రాదు."

రెండోసారి లాక్కోకుండా పట్టాను. సీటొచ్చింది మావా.

బయటికొచ్చి, ఎవరూ లేని చోట ఉత్త చేతులు చాపి, పొట్టదాకా లాక్కుని చూసుకున్నాను. నువ్వు నేర్పింది ఇంకా వస్తోంది.