రేకుల మీద సున్నం

మార్చి 18
కాగితాలు వచ్చినయ్. ఎండ వేడి తగ్గించే సర్కారు నిధి, దాని నియమాలు. సున్నపు బట్టీల కాలనీ అంతా నా పాత మెకానిక్ షెడ్డు ముందు చేరింది. నేను చదివా. నాకు బడి లేదు. లారీల వెనక రాతలు చూసి అక్షరాలు నేర్చా, పర్మిట్ కాగితాలు చూసి గవర్నమెంటు తెలుగు నేర్చా. మొదటిది అందరికీ అర్థమవుద్ది. రెండోదానికి నాలాంటి ముసలోడు కావాలి.

సారాంశం — వాతావరణం పేరున పెట్టే ఖర్చులో ఒక వంతు వెనకబడిన వాడలకే పోవాలి. మేలు నేరుగా అందాలి, కొలిస్తే కనపడాలి. ఎంపికైతే ప్రతి రేకుల ఇంటికీ రేకు కింద ఇంకో లోకప్పు, పైన వేడి ఆపే పూత, ఒక సోలార్ ఫ్యాను.

"కొలిస్తే కనపడటమంటే ఏంది మస్తానన్నా?" — మరియమ్మ.
"వచ్చి కొలుస్తారమ్మా."
"దేన్ని? మమ్మల్నా?"
అందరూ నవ్వారు.

మార్చి 19
నిన్నటి మాట ఇంటికెళ్ళి చెప్తే యేసోబు నవ్వలేదట. మరియమ్మ మొగుడు, పేకాటలో నా జోడీ. ముప్పై ఏళ్ళు బట్టీకి రాయి పోశాడు. ఆ దుమ్మంతా ఇప్పుడు రొమ్ములో ఉంది. పగలంతా రేకుల కింద నులకమంచం మీదే. పోయిన వేసవిలో పడిపోతే పిడుగురాళ్ల డాక్టరు — చల్లటి చోట ఉంచండి, ఇంకోసారి పడితే లేవడు — అన్నాడు. మంచి డాక్టరే. ఇల్లు చూళ్ళేదు, అంతే.

ఇయ్యాల చూడ్డానికి పోతే అడిగాడు. "నీ కాగితం ఈ ఎండాకాలం దాటిస్తదా?"
దాటిస్తది అన్నా. ఎందుకన్నానో.

మార్చి 28
సర్వే వాళ్ళు మంగళవారం వస్తారంట. కాలనీలో సందడి.

మా దగ్గరొక పద్ధతి. ఇంటికి పెద్దోళ్ళొస్తే గోడకి సున్నం పడాలి. ఫాదరు గారొచ్చినా, రంజానుకైనా, పెళ్ళివారికైనా. సున్నం కాల్చి బతికేవాళ్ళ గోడ మాసి ఉంటే అంతకంటే సిగ్గు ఇంకోటి లేదు. నా పెళ్ళికి మా మామ ఎంత సున్నం కొట్టించాడంటే కూర్చున్నోళ్ళందరి వీపులూ తెల్లబడినయ్, ఊరేగింపులో ఎవరు పెళ్ళింట్లో తిన్నారో వీపు చూసి చెప్పొచ్చు… సరే, అది వేరే కథ.

పొద్దుటి నుంచి డ్రమ్ముల్లో సున్నం నానుతోంది. బుడబుడమని.

మార్చి 30
గోడలన్నీ అయిపోయినయ్. డ్రమ్ముల్లో ఇంకా మిగిలింది. పారబోస్తామన్నారు ఆడవాళ్ళు.
"పారబొయ్యటమెందుకే? రేకుల మీద కొట్టండి. రోడ్డు మీంచే కనపడాలి కాలనీ" అన్నా.
నేనే అన్నా. ఇక్కడ రాసి పెడుతున్నా.

ఏప్రిల్ 1
వచ్చారు. ఇద్దరే. అందులో చిన్న వయసు అమ్మాయి, కళ్ళద్దాలు. చేతిలో పిస్తోలు లాంటి మీటరు. ఇంట్లో నిలబడి కప్పు వైపు గురిపెట్టి నొక్కుద్ది, అంకె పడుద్ది, ఫోనులో రాసుకుంటది. మరియమ్మ నిమ్మకాయ నీళ్ళిచ్చింది. పక్కింటోళ్ళ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.
"ఎంత తెల్లగా ఉంచుకున్నారండీ!" అందా అమ్మాయి.
మరియమ్మ మొహం చూడాలి అప్పుడు.

ఏప్రిల్ 3
యేసోబు మధ్యాహ్నం నిద్రపోయాడట. ఎన్నాళ్ళకో. "ఏందో చల్లగుంది" అన్నాడు. వేపపువ్వు గాలి అనుకున్నాం.  

ఏప్రిల్ 16
జాబితా పెట్టారు. మా కాలనీ లేదు.
కారణం ఒకే వరస — "ఇంటి లోపలి వేడి నిర్ణీత హద్దు లోపు ఉన్నది."
మూడుసార్లు చదివా. అది వేపపువ్వు గాలి కాదు, రేకు మీది సున్నం ఎండని ఆపింది — తెల్ల లుంగీ కట్టేవాడికి తెలియదా తెలుపు సంగతి? గట్టిగా చదవమన్నారు, చదవలేకపోయా.

ఏప్రిల్ 17
బస్సెక్కి నరసరావుపేట. ఆఫీసులో ఆయన కసురుకోలేదు, కుర్చీ చూపించాడు. అదే బాధ. కసిరితే కసరొచ్చు.

"అది సున్నం సారూ. బంక కూడా కలపలా. మొదటి గాలివానకి కారిపోద్ది."
"కారిపోయాక కొలిస్తే వేడి ఉంటుంది పెద్దాయనా. కొలిచిన రోజు లేదు."
"మీరొస్తారని మర్యాదకి కొట్టాం."
ఆయన ఫారం నా వైపు తిప్పాడు. "రూల్లో మర్యాదకి గడి లేదు."

ఆయన తప్పు కాదు. రూలూ చెడ్డది కాదు, నేనే చదివా, మంచి రూలు. ఎవరికి ఎక్కువ మండుతోందో వాళ్ళకి ముందు. మంట మేమే ఆర్పుకుని చూపించాం, ఒక్క నెలకి.

అర్జీ రాసిచ్చా. ఇంకోసారి కొలుస్తారంట. వారం, పది రోజుల్లో. ఏ ఇల్లు కొలవాలో అప్పటికప్పుడు చీటీ తీస్తారు, ఆ ఒక్క ఇంటి అంకే కాలనీ అంతటికీ.

ఏప్రిల్ 18
"గీకేద్దాం" అన్నారు అందరూ. ఉన్నది ఉన్నట్టు చూపించాలంటే కొట్టింది గీకాలి. అబద్ధమా నిజమా ఇది? తేల్చలేకపోయా.

మరియమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. "మా ఇల్లు వదిలెయ్యండి. ఆయన పడుకుంటున్నాడు."
"చీటీలో మీ ఇల్లే వస్తే?"
"రాదు."
"వస్తే ఊరంతా పోద్ది వొదినా" అని ఎవరో.
ఆమె లోపలికి పోయింది.

ఏప్రిల్ 20
యేసోబు పిలిపించాడు. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మాట మాటకీ ఆగుతూ —
"ముందు నాది గీకించు."
"వద్దు లేరా."
"నా ఒక్కడి కోసం నలభై ఇళ్ళని పెనం మీద ఉంచుతావా? పది రోజులు. పది రోజులు నేను ఓర్చుకోలేనా?" తర్వాత నవ్వి, "అట్టా చూడబాక. పేకముక్కలు పంచు."
వాడే గెలిచాడు. నేను కావాలని ఓడిపోయా అనుకుంటాడు, కాదు.

ఏప్రిల్ 21
గీకారు. కొబ్బరిపీచు, నీళ్ళు. నీళ్ళు తెల్లగా కాలవలోకి. యేసోబు ఇంటి మీదకి నేనెక్కా. ఎవరిని ఎక్కమన్నా ఎక్కలా.

ఏప్రిల్ 25
రాలేదు.
యేసోబుకి తడిగుడ్డలు. నా షెడ్డులోకి తెద్దామంటే అదీ రేకే. ఆసుపత్రిలో ఒక్క రోజు ఉంచి పంపారు — మంచాల్లేవు.

ఏప్రిల్ 29
రాలేదు. ఫోను చేశా. కళ్ళద్దాల అమ్మాయే ఎత్తింది. "మీటరు ఒక్కటే ఉంది తాతగారూ, మాచర్ల వైపు పంపారు. ఈ వారం వస్తాం. తప్పకుండా." గొంతులో నిజమే ఉంది.

మే 2
వడగాడ్పు. కుక్కలు కూడా రోడ్డు దాటటంలా.
యేసోబుకి పొద్దున నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

మే 3
గీకి పది రోజులు దాటిపోయి ఇంకో రెండు రోజులు.

మరియమ్మ వాకిట్లో డ్రమ్ము పెట్టింది. సున్నం నానబెట్టింది. కుంచె పక్కన. నిచ్చెన రేకుకి ఆనించి ఉంది. నాకోసం చూస్తోంది.
"ఫోను చేశావా?"
"చేశా. రేపు రావొచ్చంట."
"రావొచ్చా, వస్తారా?"
"…రావొచ్చు."
లోపల్నుంచి దగ్గు. కాలనీ ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడ్డారు. ఒక్కరూ వద్దనలేదు. పుయ్యమనీ అనలేదు.
"చదివినోడివి నువ్వే. చెప్పన్నా. ఇప్పుడు పూసెయ్యమంటావా, రేపటిదాకా ఆగమంటావా?"

పదకొండున్నర. రేకు మీద చెయ్యి పెట్టి చూశా, తీసేశా. షెడ్డుకొచ్చి ఇది రాస్తున్నా. ఆమె ఇంకా నిచ్చెన దగ్గరే ఉంది, చూపు ఇటే.