వడకు బిగించిన ఉచ్చు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు ఎప్పుడూ చెప్పే ఆ వందేళ్ల లెక్కల ప్రశ్నకు రష్యాలో ఒకాయన జవాబు తేల్చాడని పేపర్లో చదివాను. ఆ పేపరుతోనే మదనపల్లె కాలేజీలో నీ క్లాసుకు వెళ్లాను. ఇప్పుడు ఆ క్లాసు నాది.

మన కురబలకోట తోటలో మొక్కలు కట్టే పురికొసతో, పిల్లల ముందు టమోటాకు ఉచ్చు వేసి లాగాను. జారి ఊడొచ్చింది. తర్వాత క్యాంటీన్ వడ చిల్లులోంచి పురికొస దూర్చి ముడేశాను. అది రాలేదు. వేసిన ప్రతి ఉచ్చూ జారి వచ్చేస్తే ఆ వస్తువు బంతిలాంటిదేనని, ఈ మాట మన కంటికి అందని పై పరిమాణంలోనూ నిజమా అన్నదే ఆ ప్రశ్న అని, నువ్వు చెప్పినట్టే చెప్పాను.

ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి విన్నాడు.

"పరీక్షలో రాని పాఠం యాల సెప్తాండావమ్మా? మీ అక్కకీ ఇదే సెప్పినా."

"మా అక్క వినిందా సార్?" అన్నాను.

ఆయన వెళ్లిపోయాడు. పిల్లలు ఇంకా గట్టిగా బిగించమన్నారు. బిగించాను. వడ తెగింది గానీ, ఉచ్చు జారలేదక్కా.

నీ చెల్లెలు