శీను కారు దిగిన రోజు

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. నిన్న మన నరసరావుపేట షెడ్డు కారు మళ్లీ రేసుకు వెళ్లింది. ఇప్పుడు శీను నడుపుతున్నాడు. నీ అంత వేగం అతనికి లేదు. ల్యాపుల టైము రాయడానికి నేనూ వెళ్లాను.

రేసు మొదలయ్యే ముందు మన మెకానిక్ మస్తాన్ బాబాయి కారు దగ్గరికి వచ్చాడు.

"బ్రేకు మెత్తగా ఉందిరా శీనూ. పొద్దున నేనే సరిగా చూళ్ళా."

శీను వెంటనే దిగాడు. "మంచిపని చేశావు బాబాయ్. చెప్పకపోతే మా అమ్మ నీ గడ్డం పీకేది" అని నవ్వాడు. బ్రేకు బాగుచేసేసరికి మిగతా కార్లన్నీ వెళ్లిపోయాయి. శీను ఆఖరున వచ్చాడు.

తిరిగి వస్తుంటే బాబాయి నాకొక సంగతి చెప్పాడు. నువ్వు మలుపులో ఆగలేకపోయిన రోజు కూడా ఆయన బ్రేకు మెత్తగా ఉందని చెప్పడానికే నీ దగ్గరికి వచ్చాడట. అంతకు ముందు వారం, కారుకు వంక పెట్టాడని నువ్వొక కుర్రాణ్ణి అందరి ముందూ కొట్టావు. అది గుర్తొచ్చి, "జాగ్రత్తరా" అని మాత్రం చెప్పి వెనక్కి వెళ్లాడట.

"మీ అన్నంటే భయపడ్డానమ్మా" అన్నాడు.

"నేనూ భయపడేదాన్ని బాబాయ్" అన్నాను.

నువ్వుండగా ఈ మాట నీతో అనలేదు.

నీ చెల్లి